ఒక్కటే ప్రతి

పుస్తకం పేరు ‘నేల మీది పక్షులు’. పేజీలు 72. వెల లేదు. ప్రతులకు ఎవరికి రాయాలో చెప్పే అవసరమూ లేదు, ఎందుకంటే ఉన్నది ఒక్కటే ప్రతి. అది ఒంగోలులో ఒక డాబా ఇంట్లో, బట్టల బీరువా పై అరలో ఉంటుంది. రచయిత్రి ఐదో తరగతి పూర్తి చేసి ఆరులోకి వెళ్తున్న పాప. రాత, బొమ్మలు, లెక్కలు, అతికింపులు అన్నీ ఆమెవే. దబ్బనంతో కుట్టి, పాత నేత చీర ముక్కతో అట్ట కట్టింది మాత్రం వాళ్ల అమ్మ. మైదా జిగురులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపింది కూడా అమ్మే. ఆ పని పాప చేతికి ఇవ్వకపోవడం మంచిదైంది, మైలుతుత్తం విషం.

పిల్లల ప్రాజెక్టు పుస్తకాలంటే నాకు కొంచెం భయం. ఫ్యాన్సీ షాపులో కొన్న బొమ్మల చార్టు, నెట్ సెంటర్లో తీయించిన రంగుల ప్రింటు, మెరుపు కాగితం అంచు, లోపల నాన్న చేతిరాత. ఎగరలేని పక్షుల మీద పుస్తకం అనగానే నిప్పుకోడి, ఈము, కివి, పెంగ్విన్, డోడో వరసగా నిలబడి ఉంటాయనుకున్నాను. నిలబడే ఉన్నాయి. కానీ అవి నిలబడిన నేల ప్రకాశం జిల్లా నేల. ఈ పుస్తకంలో పనితనమంతా అక్కడ మొదలవుతుంది.

మొదటి పేజీలో మూడే వాక్యాలు. పెన్సిల్‌తో రాసింది నేను చూసింది, కొలిచింది. నీలం పెన్నుతో రాసింది ఎవరో చెప్పింది. ఆకుపచ్చ పెన్నుతో రాసింది చదివింది. ఏ రంగు గురించిన వాక్యాన్ని ఆ రంగుతోనే రాసింది కూడా. ఈ కట్టుబాటు ఎవరు నేర్పారని అడిగితే వాళ్లమ్మ భుజాలెగరేసింది. చరిత్ర రాసే పెద్దలు ఆధారాలను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాస్తారు. ఈ పాప వాటిని వాక్యం ఒంటిమీదే వేసింది. పేజీ తెరవగానే, చదవకముందే, ఏ విషయంలో ఆమెకు ఎంత నమ్మకముందో కంటికి తెలిసిపోతుంది.

ఎనిమిదో పేజీ చూడండి. నిప్పుకోడి గుడ్డు సుమారు 1,400 గ్రాములు అన్నది ఆకుపచ్చ. ఆ కింద నీలంలో కిరాణా కొట్టాయన మాట: “ఒక్కోటి తూస్తే సరిగ్గా రాదమ్మా, డజను కలిపి తూచి భాగించుకో.” ఆ కింద పెన్సిల్: 12 కోడిగుడ్లు 695 గ్రాములు, ఒక్కోటి 58. ఆ కింద గీత కొట్టి, గడి కట్టి: 24 కోడిగుడ్లు ఒక నిప్పుకోడి గుడ్డు. నాలుగు వరసల్లో చదివింది, విన్నది, తూచింది, లెక్క కట్టింది, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసి నడిచాయి. ఎక్కడా తొందర లేదు. కొట్టాయన సలహా చిన్నదేమీ కాదు. చిన్న బరువును పెద్ద తక్కెడలో తూచాల్సి వస్తే ప్రయోగశాలలోనైనా చేసేది అదే.

ఇక ఈ పుస్తకానికి గుండెకాయ. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం పురావస్తు శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి ప్రకాశం జిల్లాలో తవ్వి, సుమారు 41,000 ఏళ్ల నాటి నిప్పుకోడి గూడును బయటపెట్టారని 2024లో పత్రికల్లో వచ్చింది. గూడు వెడల్పు తొమ్మిది పది అడుగులు. అందులో 9 నుంచి 11 గుడ్లు ఉండేవని, 30, 40 దాకా పట్టే చోటుందని వాళ్లు చెప్పారు. మీటరు వెడల్పు, మీటరున్నర పొడవు ఉన్న చోటులో దొరికిన పెంకు ముక్కలు దాదాపు 3,500. ఆఫ్రికా జంతువుగా మనం జూలో చూసే పక్షి ఒకప్పుడు మన చేలగట్ల మీద గుడ్లు పెట్టింది. అంతకుముందే, 2017లో, హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పెంకుల డీఎన్‌ఏ పరీక్షించి, అవి ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి చుట్టాలవేనని, కనీసం 25,000 ఏళ్ల నాటివని తేల్చారు. ఇదంతా ఆకుపచ్చలో ఒకటిన్నర పేజీ ఉంది. మామూలు పిల్లలైతే అక్కడితో ఆపి బొమ్మ అతికిస్తారు. ఈ పాప వాళ్ల నాయనమ్మను డాబా మీదికి పిలిచింది.

తొమ్మిదిన్నర అడుగుల గుండ్రం గీయాలి. శ్లాబులో మేకు దిగదు. నాయనమ్మ తాడు కొసను కాలి బొటనవేలి కింద తొక్కి పట్టి నిలబడింది. పాప నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల దగ్గర తాడుకు ముడేసి, సుద్దముక్క పట్టుకుని చుట్టూ తిరిగింది. దాని మీద నాయనమ్మ ముగ్గు పోసింది. తర్వాత పదిహేను సెంటీమీటర్ల పొడవు, పదమూడు వెడల్పు ఉన్న గుడ్డు ఆకారాన్ని అట్ట మీద కత్తిరించి, దాన్ని అచ్చుగా పెట్టి లోపల పదకొండు గుడ్లు గీశారు. గూడు బోసిపోయింది. నలభై గీశారు. అయినా పదో వంతు కూడా నిండలేదు.

ఇక్కడ నాలుగో రంగు వస్తుంది. మొదటి పేజీ కట్టుబాటులో లేని ఎర్ర పెన్ను, చెప్పాపెట్టకుండా. ప్రశ్న: మిగతా చోటంతా ఎవరికి?

పుస్తకం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అదే. అది చదివితే రాదు, గీస్తేనే వస్తుంది. జవాబు కోసం ఆమె మళ్లీ ఆకుపచ్చలోకి వెళ్లింది. ఒక గూట్లో చాలా ఆడపక్షులు గుడ్లు పెడతాయి. పెద్ద ఆడపక్షి తన గుడ్లను నడిమధ్యకు చేర్చుకుని, ఎక్కువైన వాటిని అంచుకు నెట్టేస్తుంది. పగలు మట్టిరంగు ఆడపక్షి, రాత్రి నల్లటి మగపక్షి పొదుగుతాయి. నూరు కిలోలు దాటే పక్షి కూర్చోవాలి, లేవాలి, గుడ్లు తిప్పాలి. ఇవాళ్టి ఆఫ్రికా నిప్పుకోడి గూడు కూడా మూడు మీటర్ల వెడల్పు ఉంటుందని చదివి, మూడు మీటర్లను అడుగుల్లోకి మార్చి, పక్కన పెన్సిల్‌తో ‘మనదీ అంతే’ అని రాసుకుంది. ‘మనది’ అన్నమాట గమనించండి.

పుస్తకంలోకి ఎక్కిన బొమ్మ మాత్రం చిన్నది. అడుగుకు రెండు సెంటీమీటర్ల లెక్కన పందొమ్మిది సెంటీమీటర్ల గుండ్రం, రెండు పేజీల మీద పరుచుకుంది. కుట్టు సరిగ్గా మధ్యన పడింది. అమ్మ ఆ మడతను కుట్టకముందే బొమ్మ గీసి ఉండాలి, లేకపోతే గీత అలా మడతలోకి దిగి మళ్లీ పైకి రాదు. చిత్తు బొమ్మలన్నీ మార్కాపురం పలక మీద వేసుకుని, కుదిరాకే కాగితం ఎక్కించిందట. అందుకే రబ్బరుతో చెరిపిన మరకలు ఇంత తక్కువ. ఒకప్పుడు దేశంలో ఎక్కడెక్కడి బడిపిల్లలో అక్షరాలు దిద్దిన పలక మన ప్రాంతపు రాయి. దాన్ని ఇంకా ఒక పిల్ల పలకగానే వాడుతోంది.

పెంకుల అట్ట పుస్తకంలో పట్టక విడిగా స్వీటు డబ్బాలో ఉంది. పెంకులు దొరికిన ఒకటిన్నర చదరపు మీటర్ల చోటును ఆమె పదహారు చదరపు అడుగులుగా తీసుకుంది. 3,500ను పదహారుతో భాగిస్తే 219కి కాస్త తక్కువ. అంటే అడుగు చదరంలో 219 పెంకు ముక్కలు. సందు చివర ఆమ్లెట్ బండి దగ్గర పెంకులు అడిగి తెచ్చుకుంది. నీళ్లలో నానబెట్టి లోపలి పొర వొలిచింది (వొలవకపోతే వాసన), ఎండబెట్టి, గోరంత ముక్కలుగా విరిచి, అడుగు చదరపు అట్ట మీద అతికించింది. నేను మెచ్చుకునేది ఆ ఓపికను కాదు, ఓపిక పిల్లలకు వేసవిలో పుష్కలంగా ఉంటుంది. అట్టను ముందే మూడంగుళాల గళ్లుగా, పదహారు గళ్లు గీసుకుంది. పదకొండు గళ్లలో పద్నాలుగేసి, అయిదు గళ్లలో పదమూడేసి. అతికించేటప్పుడు తనకు లెక్క తప్పదు, చూసేవాళ్లకు 219 లెక్కపెట్టే పని లేదు. రెండు గళ్లు లెక్కపెట్టి చూశాను, సరిపోయాయి. తన పనిని ఇంకొకరు తనిఖీ చేస్తారని ముందే ఊహించి, వాళ్లకు వీలు కల్పించడం పెద్దవాళ్ల పనుల్లోనే అరుదు. ఒక్క లోపముంది. తవ్విన గుంటకు లోతు ఉంటుంది, అన్ని ముక్కలూ ఒకే పొరలో పరుచుకుని ఉండవు. అట్ట చదునుగా ఉంది కాబట్టి చూసేవాళ్లకు నేల నిండా పెంకులే అనిపిస్తుంది. ఆ సంగతి ఒక వాక్యం రాసి ఉంటే బాగుండేది.

దాని వెనకే మందం లెక్క. కోడిగుడ్డు పెంకు మందం స్కేలుకు అందదు. పది చిన్న ముక్కలు పేర్చి, నొక్కి కొలిస్తే మూడున్నర మిల్లీమీటర్లు వచ్చింది, పదితో భాగించింది. నిప్పుకోడి పెంకు రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆరు కోడి పెంకులు ఒకదానిమీద ఒకటి మైదాతో అతికించి, పైన పలక బరువు పెట్టి ఆరబెడితే ఆ మందం వచ్చింది. దాన్ని ఏం చేసిందనుకున్నారు? జామెట్రీ బాక్సులోని కంపాసు ముల్లుతో తొలిచింది. మహారాష్ట్రలోని పట్నెలో గీతలు చెక్కిన నిప్పుకోడి పెంకు, పెంకు పూసలు దొరికాయని, భీంబెట్కాలోనూ ఇలాంటి పూసలున్నాయని చదివింది మరి. విడి కోడి పెంకు ముల్లు తగలగానే చిట్లింది. ఆరు పొరల ముక్కకు బెజ్జం పడింది. పెన్సిల్‌తో ఒకే మాట: ‘మందం ఉంటేనే పూస.’ బొటనవేలి గోరంత ఆ పూసను దారంతో పేజీకి కుట్టేసింది. తిప్పితే తిరుగుతుంది.

ఈము పేజీల దగ్గరికి వచ్చేసరికి పుస్తకం నీలంగా మారిపోతుంది. ఎగరలేని పక్షి మన పల్లెలకు రెండోసారి వచ్చింది ఈము రూపంలోనే అన్న సంగతి నాకైతే ఎప్పుడూ తట్టలేదు. సుమారు రెండు దశాబ్దాల కిందట కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో ఎంతోమంది రైతులు ఈము జతలు కొని ఫారాలు పెట్టారు. మాంసం, నూనె, గుడ్డు, తోలు, అన్నిటికీ గిరాకీ అన్నారు. 2010 దాటిన కొన్నేళ్లకే ధరలు కూలాయి. పక్షులను మేపలేక వదిలేసినవాళ్లున్నారు. పాప వాళ్ల చిన్నతాత అలా మునిగినవాళ్లలో ఒకడు. ఆయన మాటలను ఆమె దిద్దలేదు, పుస్తక భాషలోకి మార్చలేదు. “పొదగనిచ్చేవోళ్లం గాదమ్మా, గుడ్డు పెట్టంగానే తీస్కబొయ్యి మిషన్లో పెట్టేవోళ్లం. లేకపోతే మగది కూచుందంటే తిండి గూడ ముట్టదు.” “చలికాలం తెల్లారుజామున ఆడది గొంతులో డప్పు కొట్టేది. ఊరంతా లేసేది.” ఈ రెండో మాట పక్కన ఆకుపచ్చలో, ఆడ ఈము గొంతులోని గాలి సంచితో డప్పులాంటి మోత చేస్తుందని పుస్తకం కూడా చెప్పిందని రాసి, రెండు రంగులను కలుపుతూ బాణం గీసింది. తాత చెప్పింది, పుస్తకం చెప్పింది ఒకటే అయిన చోటల్లా ఈ బాణం ఉంటుంది. ఎంత నష్టపోయారన్నది ఎక్కడా లేదు. అడగలేదా, అడిగినా ఆయన చెప్పలేదా అన్నది తెలీదు గానీ ఆ ఖాళీ నాకు సరిగ్గానే ఉందనిపించింది.

చిన్నతాత ఇంట్లో షోకేసులో ఒక ఈము గుడ్డు మిగిలింది. ఈ పేజీలో రంగుల పని చూడాలి. ఈము గుడ్డు బయట ముదురాకుపచ్చ, గీకితే లోపల లేత నీలంపచ్చ, ఇంకా గీకితే తెలుపు. షోకేసులో కిటికీ వైపున్న భాగం వెలిసిపోయింది. పాప మొదట కాగితం మీద తెల్ల క్రేయాన్, దానిమీద లేత రంగు, దానిమీద ముదురు రంగు దట్టించి, గుండుసూదితో గీకుతూ గరుకుతనం తెచ్చింది. అంటే పెంకు ఎలా పొరలు పొరలుగా ఉందో బొమ్మనూ అలాగే కట్టింది. వెలిసిన వైపున సూది ఎక్కువ నడిచింది. బొమ్మల మాస్టారెవరూ చెప్పకుండానే వస్తువు తయారైన తీరు నుంచి బొమ్మ వేసే తీరు పట్టుకుంది.

ఎందుకు ఎగరవన్న ప్రశ్నకు ఆదివారం కోడికూర పనికొచ్చింది. కోడి రొమ్ము ఎముకను ఉడికించి, శుభ్రం చేసి పేజీకి కుట్టింది. దాని మధ్యలో నిలువుగా లేచిన పలక ఉంటుంది. రెక్కలాడించే కండరాలు దాన్నే పట్టుకుని ఉంటాయి. నిప్పుకోడికి, ఈముకు, కివికి రొమ్ము ఎముక చదును, ఆ పలక లేదు. ఇంత చక్కగా చెప్పిన పిల్ల పెంగ్విన్ పేజీలో తేలిపోయింది. కొన్న స్టిక్కర్లు, చలి, మంచు, అంతే. పెంగ్విన్‌కు ఆ పలక ఉంటుంది, ఎందుకంటే అది నీళ్లలో రెక్కలతోనే దూసుకుపోతుంది. తన ఎముక పేజీని ఒక్కసారి వెనక్కి తిప్పి ఉంటే అక్కడ ఎర్ర పెన్నుకు పని పడేది. కివి పేజీ కూడా మామూలే.

డోడో కూడా చదువు సంగతే కదా, ఆకుపచ్చగా ఉంటుందనుకున్నాను. మొదటి పేజీ అలాగే ఉంది. మారిషస్ దీవి, పావురాల జాతి, నమ్మదగిన చివరి కబురు 1662 నాటిది. పీటర్ మండీ అనే ఆంగ్లేయ ప్రయాణికుడు సూరత్‌లో రెండు డోడోలను చూశానని రాసుకున్నాడు. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ గీసిందని చెప్పే డోడో బొమ్మ ఇప్పుడు రష్యాలో ఉంది. దొరికిన ఏకైక పూర్తి అస్థిపంజరం, ఒకే పక్షిది, తిరియూ అనే మంగలి తీరిక వేళల్లో గుహలు గాలించి సంపాదించింది, పోర్ట్ లూయీ మ్యూజియంలో ఉంది. అన్నీ బాగా ఏరిన సంగతులే. పేజీ తిప్పితే బురద.

1865లో జార్జ్ క్లార్క్ అనే బడిపంతులు మారిషస్‌లోని మార్ ఓ సోంజ్ అనే చిత్తడిలో డోడో ఎముకల కోసం వెతికించాడు. వెతికింది చెరకు తోటల్లో పనికి వచ్చిన భారతీయ కూలీలు. నీళ్లలోకి దిగి, ఒట్టి కాళ్లతో బురద అడుగున తడిమి ఎముకలు పైకి తీశారు. లండన్‌లో రిచర్డ్ ఓవెన్ మరుసటి ఏడు డోడో శరీర నిర్మాణం వర్ణించింది ఆ ఎముకలు చూసే. పేరు క్లార్క్‌కూ ఓవెన్‌కూ దక్కింది. పాప ఒక టబ్బులో చెరువు మట్టి కలిపి, కోడి ఎముకలు, గులకరాళ్లు, పుల్లలు అమ్మచేత అందులో వేయించి, కళ్లు మూసుకుని కాళ్లు పెట్టింది. పెన్సిల్ రాత: ‘రాయి చల్లగా ఉంది. పుల్ల దొర్లింది. ఎముకకు చివర బుడిపె ఉంది, కాలి వేలికి తెలిసింది.’ కూలీల నైపుణ్యం ఏమిటో ఈ మూడు వాక్యాలంత స్పష్టంగా నేను ఎక్కడా చదవలేదు. కాళ్లకు కళ్లుండాలి ఆ పనికి.

దాని కింద ఆకుపచ్చలో, కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి 1830ల నుంచీ తెలుగువాళ్లు మారిషస్ తోటలకు కూలికి వెళ్లారని ఉంది. దాని కింద ఎర్రగా: ‘ఆ బురదలో తెలుగు కాళ్లు ఉన్నాయా?’ జవాబు రాయలేదు. రాసి ఉంటే నేను ఆ పేజీని నమ్మేవాణ్ణి కాదు.

ఇక నవారు. పుస్తకం కుట్టి ముగించాక పుట్టిన ఆలోచన, అందుకే చుట్ట చుట్టి విడిగా సంచిలో ఉంది. 41,000 ఏళ్లంటే ఎన్ని అని అమ్మను అడిగితే సరైన జవాబు రాలేదట. పాత మంచం నవారు విప్పి, ఉతికి, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున గుర్తులు పెట్టింది. మొదలు 2025. తన పుట్టుక ఒక సెంటీమీటరు దగ్గర. నాయనమ్మ ఆరు సెంటీమీటర్లు దాటాక. స్వాతంత్ర్యం 7.8. డోడో చివరి కబురు 36 దాటాక. 78 సెంటీమీటర్ల దగ్గర మోటుపల్లి, అంటే 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు ఇచ్చిన అభయశాసనం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు లాక్కునే రోజుల్లో, సుంకం తప్ప ఏమీ తీసుకోనని రాయించిన మాట. రెండు మీటర్లు దాటగానే అమరావతి స్తూపం. తర్వాత ఏమీ లేదు. ఇరవై అయిదో మీటరు దగ్గర సీసీఎంబీ పెంకులు, పట్నె పూసలు. మళ్లీ ఏమీ లేదు. నలభై ఒకటో మీటరు దగ్గర ముగ్గుపిండితో చిన్న గుండ్రం.

మనం బడిలో చదివే చరిత్రంతా నవారు మొదటి మూరల్లోనే అయిపోతుంది. మిగిలిన ఖాళీ నవారును ఆమె బొమ్మలతో నింపలేదు, రంగులు వెయ్యలేదు. హాలులోంచి వరండా, వరండాలోంచి మెట్లు, మెట్ల మీదుగా డాబా దాకా పరిస్తే గాని గూడు రాదు. దాన్ని పరిచి చూపించడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఎండ పడని వేళ కావాలి. చూపించేటప్పుడు పాప ఏమీ చెప్పదు, నడిపిస్తుంది.

గుండ్రం దాటాక ఇంకో రెండు మీటర్ల నవారు మిగిలింది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, ఎక్కడో సుమత్రాలో పేలిన తోబా అగ్నిపర్వతం బూడిద పొర ఉందని, అది సుమారు 74,000 ఏళ్ల నాటిదని, దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని ఆమెకు తర్వాత తెలిసింది. నవారు కొసన ఆకుపచ్చలో ఆ సంగతి రాసి, పెన్సిల్‌తో తీసివేత కట్టి, ఇంకా 31 మీటర్లు తక్కువని తేల్చి, ఎర్రగా రాసింది: ‘ఇంకో మంచం కావాలి.’

కింద నీలంలో నాయనమ్మ: “ఉన్న ఒక్కదాని మీద నేను పడుకుంటన్నా.”